మాస్కుకీ మద్దతు కావాల్సి వచ్చింది: అమెరికా చట్టం ఒకటి, మనకి తెలిసిన కథే



ఈ పోస్టు పెద్దది. పొలం పని అయ్యాక తీరిగ్గా కూర్చుని చదవండి. ఇందులో విత్తనం లేదు, పురుగుమందు లేదు, యార్డులో రేటు లేదు. మాస్కు ఉంది. కరోనా టైములో మనందరం ముక్కుకి తగిలించుకున్న మాస్కు. ఆ మాస్కులు, గ్లౌజులు, డాక్టర్లు వేసుకునే గౌన్లు తమ దేశంలోనే తయారవ్వాలని అమెరికా వాళ్ళు 2021లో ఒక చట్టం చేసుకున్నారు. దాని పేరు మేక్ పీపీఈ ఇన్ అమెరికా చట్టం. పీపీఈ అంటే రోగం అంటకుండా ఒంటికి తొడుక్కునే సామాను అన్నమాట.

"అమెరికా మాస్కుతో మనకేం పని?" అంటారేమో. ఆ చట్టం లోపలికి వెళ్ళి చూస్తే అందులో ఉన్న గొడవంతా మన గొడవే. సరుకు తయారుచేసేవాడు ఒకడు, కొనేవాడు ఇంకొకడు. కొరత వచ్చినప్పుడు తయారుచేసేవాడి గడప తొక్కుతారు, కొరత తీరాక వాడి మొహం కూడా చూడరు. టమాటా, ఉల్లి, మిర్చి వేసినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ వాడికి కూడా ఇదే జరుగుతుందనీ, అదీ అమెరికాలో జరిగిందనీ తెలిస్తే మన సమస్య మనకి ఇంకా బాగా అర్థమవుతుంది. అందుకే మొదట్నించీ చెబుతాను.

ముందు మాస్కు పాత కథ చూద్దాం. 1910 చివర్లో చైనా ఉత్తరాన మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు పడింది. వచ్చినవాడు బతకడం లేదు. చైనా ప్రభుత్వం వూ లియెన్‌తే అనే కుర్ర డాక్టర్ని హార్బిన్ ఊరికి పంపింది. ఈయన మలేసియాలోని పెనాంగ్‌లో పుట్టి, కేంబ్రిడ్జిలో చదివినాయన. ఈ ప్లేగు ఎలుకల వల్ల కాదు, మనిషి దగ్గు నుంచి మనిషికి గాలిలో పోతోందని ఆయన కనిపెట్టాడు. పల్చటి గాజు గుడ్డ మడతల మధ్య దూది పెట్టి ముక్కుకీ నోటికీ కట్టుకోమన్నాడు. మెస్నీ అనే ఫ్రెంచి డాక్టరు ఆయన్ని లెక్కచేయకుండా మాస్కు లేకుండానే రోగుల దగ్గరికి వెళ్ళాడు, కొద్ది రోజుల్లోనే పోయాడు. ఆ ప్లేగు దాదాపు 60 వేల మందిని తీసుకుపోయింది.

చూశారా, ఆ మాస్కు పత్తి మాస్కే. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు కూడా అమెరికాలో రెడ్ క్రాస్ ఆడవాళ్ళు ఊరూరా కూర్చుని గాజు గుడ్డతోనే కుట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో మాస్కు లేకపోతే జరిమానా వేశారు. అప్పట్లో మాస్కు కొరత వస్తే సూదీ దారం ఉన్న ఇల్లల్లా ఒక ఫ్యాక్టరీ అయ్యేది.

తర్వాత సరుకు మారిపోయింది. 1954లో అమెరికా నౌకాదళం ల్యాబులో ప్లాస్టిక్‌ని కరగబెట్టి వేడిగాలితో ఊది, సాలెగూడు కంటే సన్నటి పోగులు తీసే పద్ధతి కనిపెట్టారు. దాన్ని మెల్ట్‌బ్లోన్ అంటారు. అందులో వాడేది పాలీప్రొపిలీన్, అంటే మనం వాడే ప్లాస్టిక్ బస్తాల రకమే. ఆ పోగులకి కరెంటు ఆవేశం ఎక్కిస్తారు. తలకి రుద్దిన దువ్వెన కాగితం ముక్కల్ని లాగినట్టు అవి గాలిలోని నలుసుల్ని లాగి పట్టుకుంటాయి. 1972లో త్రీఎం కంపెనీ ఒకసారి వాడి పారేసే మాస్కుకి అనుమతి తెచ్చుకుంది. మొదట అది ఫ్యాక్టరీల్లో దుమ్ముకి. 1990ల్లో టీబీ భయంతో ఆసుపత్రుల్లోకి వచ్చింది. 1995లో అమెరికా ప్రభుత్వం కొలత పెట్టింది: అతి సన్నటి నలుసుల్లో కనీసం నూటికి 95 ఆపాలి. అదే ఎన్95.

దీనివల్ల మాస్కు మంచిదైంది, కానీ ఇంట్లో కుట్టే సరుకు కాకుండా పోయింది. మెల్ట్‌బ్లోన్ యంత్రం ఖరీదైనది. ఆర్డరిచ్చి, తెప్పించి, బిగించి, నడిపించడానికి నెలలు పడుతుంది. రోగం వచ్చాక యంత్రం కొందాంలే అంటే కుదరదు. కరువొచ్చాక బావి తవ్వినట్టే.

ఇక చట్టాల సంగతి. వ్యాపారంలో అడ్డంకులు ఉండకూడదని లోకానికి చెప్పే అమెరికా, తన కొనుగోళ్ళ విషయంలో మాత్రం ఎప్పుడో జాగ్రత్తపడింది. 1933 మార్చి 3న, అధ్యక్షుడు హూవర్ దిగిపోయే ముందు రోజు, బై అమెరికన్ చట్టం మీద సంతకం పెట్టాడు. ప్రభుత్వం కొనే సరుకులో స్వదేశీకి మొదటి పీట వేయాలని దాని సారం. 1941లో యుద్ధం ముంచుకొస్తుంటే ఇంకో అడుగు వేశారు. సైన్యం తినే తిండి, కట్టే బట్ట అమెరికాలోనే పండాలి, అమెరికాలోనే నేయాలి అని రాసుకున్నారు. దీన్ని తర్వాత రోజుల్లో బెర్రీ సవరణ అన్నారు. అందులో పత్తి ఉంది, ఉన్ని ఉంది, ఆహారం ఉంది. పత్తి పండించిన దగ్గర్నించి చొక్కా కుట్టేదాకా మొత్తం గొలుసు స్వదేశీ కావాలన్నది దాని పట్టు. ఎనభై ఏళ్ళు దాటినా అది ఇంకా అమల్లోనే ఉంది. అమెరికాలో మిగిలిన బట్టల మిల్లుల్లో చాలావాటికి ఆ సైన్యం ఆర్డరే ఊపిరి.

2009లో లారీ కిసెల్ అనే పార్లమెంటు సభ్యుడు ఈ పద్ధతిని దేశ అంతర్గత భద్రత శాఖ కొనే యూనిఫారాలకి కూడా తెప్పించాడు. ఆయన ఊరికే పుస్తకాలు చదివి మాట్లాడినవాడు కాదు, బట్టల మిల్లులో ఏళ్ళ తరబడి పనిచేసినవాడు.

అంతా బాగానే ఉంది గానీ మాస్కు ఈ చట్టాల నీడలోకి రాలేదు. సైనికుడి చొక్కాకి రక్షణ ఉంది, నర్సు ముక్కుకి లేదు. ఎందుకంటే మాస్కులు ఎక్కువగా కొనేది ఆసుపత్రులు. వాళ్ళు చూసేది రేటు. పైసల తేడాతో చైనా నుంచి, మెక్సికో నుంచి సరుకు దిగింది. 1990లు, 2000లు గడిచేసరికి అమెరికాలో పెద్ద కంపెనీలు తమ మాస్కు ఫ్యాక్టరీల్ని సరిహద్దులు దాటించేశాయి. తప్పు ఏ ఒక్కడిదీ కాదు. ఎవడికి వాడు తన పైస చూసుకున్నాడు, అందరూ కలిసి దేశం చేతిలోంచి ఒక పనిని జారవిడిచారు.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. టెక్సాస్‌లో ప్రెస్టీజ్ అమెరిటెక్ అనే మాస్కుల కంపెనీ ఉంది. దాన్ని నడిపేవాళ్ళలో ఒకాయన మైక్ బోవెన్. మిగతావాళ్ళంతా బయటికి పోతుంటే వీళ్ళు అమెరికాలోనే తయారుచేస్తాం అని పట్టుబట్టారు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది. చైనా సరుకు చాలలేదు. ఆసుపత్రులన్నీ వీళ్ళ మీద పడ్డాయి. "మీరే దిక్కు, ఎంతైనా చేయండి" అన్నాయి. వీళ్ళు నమ్మారు. కొత్త యంత్రాలు పెట్టారు, 150 మందిని కొత్తగా పనిలోకి తీసుకున్నారు. ఫ్లూ తగ్గింది. ఆసుపత్రులు మళ్ళీ చౌక సరుకుకే వెళ్ళిపోయాయి. 150 మందిని ఇంటికి పంపాల్సొచ్చింది. యంత్రాలు మూలన పడ్డాయి. కంపెనీ మునిగేదాకా వచ్చింది.

ఒక ఏడాది రేటు చూసి మరుసటి ఏడాది అందరం మిర్చి వేస్తే ఏమవుతుందో మనకి తెలుసు. కానీ తేడా గమనించండి. మనం ఎవరూ అడక్కుండా వేస్తాం. ఈయన్ని అడిగి మరీ వేయించారు. వేయించాక కొనలేదు.

అదే స్వైన్ ఫ్లూలో అమెరికా ప్రభుత్వం తన అత్యవసర నిల్వ గోదాముల్లోంచి 8 కోట్లకు పైగా ఎన్95లు తీసి పంచింది. తీసిన సరుకు మళ్ళీ నింపలేదు. పార్టీలు మారాయి, అధ్యక్షులు మారారు, గోదాము అలాగే ఉంది. బోవెన్ ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. "మాస్కుల కోసం పరాయి దేశం మీద ఆధారపడ్డాం, ఒకరోజు అది ఆగిపోతుంది" అన్నది ఆయన గోడు. అమ్ముకునేవాడు ఇలాగే అంటాడులే అనుకున్నారు.

2020 జనవరి 22న, కరోనా ఇంకా వూహాన్‌లోనే ఉందని అందరూ అనుకుంటున్న రోజున, ఆయన ఆరోగ్య శాఖ అధికారులకి మెయిల్ పెట్టాడు. నా దగ్గర నాలుగు యంత్రాల లైన్లు ఖాళీగా ఉన్నాయి, వాటిని నడిపితే వారానికి 17 లక్షల ఎన్95లు తీయగలను, నడపడం ఖర్చుతో పని, కానీ దేశానికి అవసరమైతే చేస్తాను అని. అప్పుడు ఎవరూ తీసుకోలేదు. ఆ మే నెలలో పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని ఇదంతా ఆయన చెప్పాడు.

ఈ లోపల ఏం జరిగింది? ప్రపంచం మొత్తం మాస్కుల్లో సగం దాకా చైనాలోనే తయారవుతాయి. వాళ్ళకే కష్టం వచ్చింది కాబట్టి సరుకు వాళ్ళే ఉంచుకున్నారు. ఫిబ్రవరి నెలాఖరుకల్లా రోజుకి 11 కోట్లకు పైగా మాస్కులు తీసే స్థాయికి వెళ్ళారు, అయినా వాళ్ళకే చాలలేదు. మిగతా దేశాలూ తలుపులు మూశాయి. మన దేశం కూడా 2020 జనవరి 31న మాస్కులు, రక్షణ దుస్తుల ఎగుమతి ఆపింది. ఎవరిని తప్పుపడతాం? ఇంట్లో గింజలు చాలనప్పుడు ఎవరూ అప్పివ్వరు.

అమెరికా ఆరోగ్య శాఖ లెక్క వేసుకుంది. పెద్ద అంటువ్యాధి వస్తే ఏడాదికి 350 కోట్ల ఎన్95లు కావాలి. చేతిలో ఉన్నవి నూటికి ఒక వంతు. మార్చి నెలలో న్యూయార్క్‌లో నర్సులు చెత్త వేసే ప్లాస్టిక్ సంచులు ఒంటికి చుట్టుకుని పనిచేసిన ఫోటోలు పేపర్లలో వచ్చాయి. ఇక ఏమీ దొరక్కపోతే చివరి దిక్కుగా కండువానో చేతిరుమాలో కట్టుకోమని అక్కడి రోగ నియంత్రణ సంస్థే సూచన ఇచ్చింది. మందు కొట్టేటప్పుడు తువ్వాలు చుట్టుకునే మనకి అది ఎంత కాపాడుతుందో తెలుసు. చంద్రుడి మీద కాలు పెట్టిన దేశం పరిస్థితి అది.

అప్పుడు 1950 నాటి పాత చట్టం ఒకటి దుమ్ము దులిపి తీశారు. కొరియా యుద్ధం టైములో చేసిన రక్షణ ఉత్పత్తి చట్టం. ముందు ప్రభుత్వం ఆర్డరు పూర్తిచేయి, తర్వాత మిగతావాళ్ళకి అమ్ము అని కంపెనీని శాసించే అధికారం అది ఇస్తుంది. ఏప్రిల్ 2న దాన్ని త్రీఎం కంపెనీ మీద ప్రయోగించారు. కెనడాకి పంపే మాస్కులు కూడా ఆపమన్నారు. పక్క దేశంతో తగువైంది. చివరికి చైనాలోని తన ఫ్యాక్టరీల నుంచి మూడు నెలల్లో 16 కోట్లకు పైగా మాస్కులు తెప్పిస్తానని కంపెనీ ఒప్పుకున్నాక సద్దుమణిగింది. అంతకు ముందే, మార్చి 29న, షాంఘై నుంచి సామాను మోసుకుని మొదటి విమానం న్యూయార్క్‌లో దిగింది.

ఇంకో ముచ్చట. ఆ గందరగోళంలో మాస్కుల వ్యాపారం ఎన్నడూ చేయని ఒక కంపెనీకి ఒక్కో మాస్కు ఐదున్నర డాలర్ల లెక్కన 5.5 కోట్ల డాలర్ల ఆర్డరు ఇచ్చారు. సరుకు రాలేదు, ఆర్డరు రద్దు చేశారు. ఏళ్ళుగా మాస్కులే చేస్తున్న బోవెన్ కంపెనీకి ఏప్రిల్‌లో ఇచ్చిన ఆర్డరు రేటు డాలరు లోపు, 79 సెంట్లు. కొరత వచ్చినప్పుడు ఎవడి జేబు నిండుతుందో అక్కడా అంతే, ఇక్కడా అంతే. పండించినవాడు రేటు పెంచడు, మధ్యలో దూరినవాడు పెంచుతాడు.

మన దేశం సంగతి కూడా ఒక మాట చెప్పుకోవాలి, ఇది మనం గర్వపడాల్సింది. 2020 మొదట్లో డాక్టర్లు తల నుంచి కాళ్ళ దాకా వేసుకునే పీపీఈ సూట్లు నిర్ణీత నాణ్యతలో మన దగ్గర తయారయ్యేవే కావు. మార్చి 13న మాస్కుల్ని నిత్యావసర సరుకుల చట్టం కిందికి తెచ్చారు. అవును, 1955 నాటి ఆ చట్టమే, మన పప్పులకీ నూనెలకీ నిల్వ పరిమితులు పెట్టేది. కొద్ది రోజులకే మూడు పొరల మాస్కు 10 రూపాయలు మించకూడదన్నారు. కోయంబత్తూరులోని జౌళి పరిశోధన సంస్థ సూట్ల గుడ్డని పరీక్షించడం మొదలెట్టింది. మే మధ్యకల్లా 600కు పైగా కంపెనీలు కలిసి రోజుకి నాలుగున్నర లక్షల సూట్లు కుట్టాయి. చైనా తర్వాత మనమే. మన ఆంధ్రలో డ్వాక్రా అక్కచెల్లెళ్ళతో, మనిషికి మూడు చొప్పున, 16 కోట్ల గుడ్డ మాస్కులు కుట్టించాలని ప్రభుత్వం పూనుకుంది. 1918లో అమెరికా ఆడవాళ్ళు చేసిన పనే, వందేళ్ళ తర్వాత మన ఊళ్ళలో.

కానీ తర్వాత? జూన్ వచ్చేసరికి మన అవసరానికి మించి సూట్లు తయారయ్యాయి. ఎగుమతి ఇంకా నిషేధంలోనే ఉంది. తయారీదారులు మొర పెట్టుకుంటే జూన్ 29న నెలకి 50 లక్షల సూట్లు బయటికి పంపుకోవచ్చని వదిలారు. ఉల్లి ఎగుమతి కథ గుర్తొచ్చిందా? నాకూ గుర్తొచ్చింది.

ఇప్పుడు అమెరికా చట్టం దగ్గరికి వద్దాం. ఒహైయో నుంచి రాబ్ పోర్ట్‌మన్ రిపబ్లికన్, మిషిగన్ నుంచి గ్యారీ పీటర్స్ డెమోక్రాట్. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూడని పార్టీల వాళ్ళిద్దరూ కలిసి ఈ బిల్లు తెచ్చారు. రోడ్లు, వంతెనల కోసం చేసిన పెద్ద మౌలిక వసతుల చట్టంలో దీన్ని కలిపారు. 2021 నవంబరు 15న అధ్యక్షుడు బైడెన్ సంతకం పెట్టాడు. 90 రోజుల తర్వాత చేసే కాంట్రాక్టులకి వర్తిస్తుందన్నారు.

అందులో ఏముందంటే:

మొదటిది, అంతర్గత భద్రత, ఆరోగ్యం, మాజీ సైనికుల సంక్షేమం, ఈ మూడు శాఖలు పీపీఈ కొంటే అది అమెరికాలో తయారైందే కావాలి. పైన కుట్టు మాత్రమే కాదు, లోపలి గుడ్డ, విడిభాగాలు కూడా. చట్టంలో వాడిన మాటల్లో "పండించినది" అనే మాట కూడా ఉంది. 1941 నాటి సైన్యం చట్టం పోలికే ఇది, పత్తి చేను నుంచి లెక్క.

రెండోది, ఇదే గుండెకాయ. కాంట్రాక్టు కనీసం 2 ఏళ్ళకి ఉండాలి. నెలకీ రెండు నెలలకీ కొని వదిలేయకూడదు.

మూడోది, కావాల్సినంత సరుకు, సరైన నాణ్యతలో దేశంలో దొరక్కపోతే బయట కొనొచ్చు. కానీ దొరకడం లేదని ఎప్పటికప్పుడు అధికారికంగా రాసివ్వాలి.

ఆ 2 ఏళ్ళ మాట ఎందుకు పెట్టారో ఆలోచించండి. ఫ్యాక్టరీ పెట్టేవాడు బ్యాంకుకి వెళ్తాడు. బ్యాంకు వాడు "ఎవరు కొంటారు?" అని అడుగుతాడు. "రోగం వస్తే అందరూ కొంటారు" అంటే అప్పు పుట్టదు. ప్రభుత్వం సంతకం పెట్టిన రెండేళ్ళ కాగితం చూపిస్తే పుడుతుంది. అది సబ్సిడీ కాదు, దానం కాదు. కొంటానన్న మాట, అంతే. 2009లో ఆ టెక్సాస్ కంపెనీకి దొరకనిది అదే.

మరి చట్టం వచ్చింది కదా, అంతా బాగుపడిందా? లేదు. ఇక్కడే మనం నేర్చుకోవాల్సింది ఉంది.

కరోనాలో అమెరికాలో చిన్నా చితకా మాస్కు కంపెనీలు చాలా పుట్టాయి. చట్టం మీద సంతకం పడేలోపే చాలావరకు కుదేలయ్యాయి. చౌక సరుకు మళ్ళీ దిగింది, ఆసుపత్రులు మళ్ళీ అటే మళ్ళాయి. హనీవెల్ లాంటి పెద్ద కంపెనీ కూడా 2020లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ఆర్భాటంగా మొదలెట్టిన ఎన్95 లైన్‌ని 2021లోనే మూసేసింది. గ్లౌజుల సంగతి ఇంకా కష్టం. ప్రపంచంలో రబ్బరు గ్లౌజులు ఎక్కువగా చేసేది మలేసియా. అమెరికాలోనే చేద్దామని ప్రభుత్వం కోట్ల కొద్దీ డాలర్లు పోసి మొదలుపెట్టించిన ఫ్యాక్టరీల్లో కొన్ని పూర్తికాలేదు. ఫ్యాక్టరీ కట్టడానికి డబ్బిచ్చారు, తీసిన గ్లౌజు ఎవరు కొంటారో చెప్పలేదు.

చట్టంలో ఉన్న లోటు కూడా అలాంటిదే. ఎక్కడ తయారైంది కొనాలో చెప్పింది, ఎన్నాళ్ళకి కొనాలో చెప్పింది. ఎంత కొనాలో చెప్పలేదు. అదీ మూడు శాఖలకే. దేశంలో పీపీఈ ఎక్కువగా వాడే ప్రైవేటు ఆసుపత్రులకి ఈ చట్టం పట్టదు. మన భాషలో చెప్పాలంటే, మద్దతు ధర ప్రకటించి కొనుగోలు కేంద్రం మూడు ఊళ్ళలో తెరిచినట్టు. బోర్డు ఉంది, కాటా ఉంది, ఎన్ని క్వింటాళ్ళు తీసుకుంటారో మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ లోటు వాళ్ళకీ తెలిసింది. 2023 జనవరి నుంచి, స్వదేశీ ఎన్95 కొన్న ఆసుపత్రికి రేటు తేడాని వృద్ధుల ఆరోగ్య బీమా నుంచి సర్దుతున్నారు. 2024లో చైనా మాస్కుల మీద 25 శాతం సుంకం వేశారు. గ్లౌజుల మీద 2025 నుంచి 50, 2026 నుంచి 100 శాతం అన్నారు. అంటే ఒక్క చట్టంతో పని జరగలేదు. కొనుగోలు, రేటు తేడా, సుంకం, మూడు వైపుల నుంచీ ఆసరా పెట్టాల్సొచ్చింది.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, అది కూడా వినాలి. స్వదేశీ సరుకు ఖరీదు. ఆ ఎక్కువ డబ్బు రోగి దగ్గర్నించో, పన్ను కట్టేవాడి దగ్గర్నించో వస్తుంది. పోటీ లేకపోతే కంపెనీ బద్ధకిస్తుంది, సరుకు నాణ్యత పడిపోతుంది. మనం కూడా చైనా మోటారు ఉన్న స్ప్రేయరు చౌకగా వస్తే కొంటాం, స్వదేశీ ఏదని వెతకం. కాబట్టి "దిగుమతి అంతా చెడ్డది" అని నేను అనడం లేదు. కానీ కొన్ని సరుకులు ఉంటాయి, మామూలు రోజుల్లో వాటి విలువ పైసల్లో ఉంటుంది, ఆపద రోజున ప్రాణాల్లో ఉంటుంది. అలాంటి వాటికి రెండు పైసలు ఎక్కువ కట్టడం ఖర్చు కాదు, బీమా ప్రీమియం.

ఈ సంగతి మన దేశానికి అమెరికా కంటే ముందే తెలుసు. 1965, 1966 కరువుల్లో మనం తినే గోధుమ అమెరికా ఓడల్లో వచ్చేది. 1966లో దిగుమతి చేసుకున్న తిండి గింజలు కోటి టన్నుల దాకా ఉన్నాయి. ఆ ఓడల్ని కూడా అప్పటి అమెరికా అధ్యక్షుడు జాన్సన్ మన చేత మాట పడేలా కొంచెం కొంచెంగా వదిలేవాడు. మన పెద్దలు ఎర్ర గోధుమ రొట్టెలు, పాలపొడి గురించి చెప్పేవాళ్ళు కదా. అప్పుడు మనం వాళ్ళ ఓడల కోసం చూశాం, 2020లో వాళ్ళు చైనా నుంచి వచ్చే విమానాల కోసం చూశారు.

ఆ అవమానంలోంచి మనం బయటపడింది ఎలా? కొత్త విత్తనం వచ్చింది, ఎరువు వచ్చింది, నిజమే. వాటితోపాటు 1965 జనవరిలోనే ఆహార సంస్థ పుట్టింది, ధరల కమిషన్ పుట్టింది. పండించు, నేను కొంటాను అన్న మాట పుట్టింది. ఆ మాట నమ్మి రైతు కొత్త విత్తనం వేశాడు. 1970లో పత్తికి సీసీఐ వచ్చింది. పంజాబులో గోధుమకీ మన డెల్టాలో వరికీ కొనుగోలు నిలబడింది కాబట్టి ఆ పంటలు నిలబడ్డాయి. కొనుగోలు లేని పప్పులూ నూనెగింజలూ వెనకబడ్డాయి, ఈ రోజుకీ వంటనూనె దిగుమతి చేసుకుంటున్నాం. మాస్కుల కథకీ దీనికీ పోలిక చూడండి.

2017 జూన్‌లో మన కేంద్రం కూడా ప్రభుత్వ కొనుగోళ్ళలో స్వదేశీకి ప్రాధాన్యం ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. 2020లో దాన్ని బిగించి, సరుకులో సగానికి తక్కువ కాకుండా ఇక్కడి విలువ ఉన్నవాడికి మొదటి వరస అన్నారు. 200 కోట్ల లోపు కొనుగోళ్ళకి విదేశీ టెండర్లు పిలవకూడదన్నారు. మన విశాఖలో 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్ ఉంది, కరోనాలో అక్కడ వెంటిలేటర్లు, పరీక్షల కిట్లు చేశారు. ఇవన్నీ మంచివే. అయితే వీటిని కూడా అమెరికా చట్టాన్ని కొలిచిన కాటాతోనే కొలవాలి.

ఆ కాటాకి మూడు రాళ్ళు. ఎవరు కొంటారు? ఎన్నాళ్ళు కొంటారు? ఎంత కొంటారు? ఏ ప్రభుత్వమైనా, ఏ పార్టీ అయినా వచ్చి "ఇది వేయండి, ఇది తయారుచేయండి, దేశానికి అవసరం" అన్నప్పుడు ఈ మూడూ అడగాలి. మన ఎఫ్‌పీవోలు కంపెనీలతో ఒప్పందాలు చేసుకునేటప్పుడు కూడా కాగితం మీద ఈ మూడూ ఉన్నాయో లేవో చూడాలి. రెండు ఉండి మూడోది లేకపోతే ఏమవుతుందో అమెరికా మాస్కు కంపెనీలు మూతపడి చూపించాయి.

మీ ఊళ్ళో ఎవరో చెబితే వేసి, పంట చేతికొచ్చాక కొనేవాడు కనిపించని పంట ఏదైనా ఉందా? ఏ పంట, ఏ ఏడాది, అప్పుడు ఈ మూడిట్లో ఏది లేకపోయింది, కామెంట్లలో రాయండి. అన్నీ కలిపి ఒక పట్టిక చేస్తాను. వచ్చే సీజనుకి ముందు అందరం ఒకసారి చూసుకోవచ్చు.